నేపాల్ సరిహద్దులో మా బావమరిది విభూతి

నేపాల్ వెళ్లి వచ్చానని తెలిసిన దగ్గర్నుంచి నారాయణగూడలో ఎదురైన ప్రతివారూ అడిగేది ఒకటే: "పశుపతినాథుణ్ణి చూశారా?" చూడలేదు. అసలు ఖాట్మండూ దాకా వెళ్లనే లేదు. సరిహద్దు దాటి, కొండల మొదట్లో ఉన్న బుట్వల్ అనే ఊళ్లో మూఢనమ్మకాల మీద ఒక ఉపన్యాసం ఇచ్చి తిరిగి వచ్చాను. "దానికోసం అంత దూరం కారులోనా?" అని వాళ్లు నోరు తెరుస్తారు. తెరిచిన నోళ్లన్నిటికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

అశోక్‌నగర్ చౌరస్తా

కారు నాది కాదు. మా బావమరిది యాదగిరిది. ముషీరాబాద్‌లో కరెంటు సామాన్ల దుకాణం నడుపుతాడు. మనిషి బంగారం. ఒక్క దేవుణ్ణీ, ఒక్క దయ్యాన్నీ కూడా వదలకుండా నమ్ముతాడు. నేను గుంటూరు వైపు వాణ్ణి. వాళ్ల అక్క సరళా నేనూ పూలదండలు మార్చుకుని, రిజిస్టరులో సంతకాలు పెట్టి పెళ్లి చేసుకున్నప్పుడు యాదగిరి బళ్లో చదువుతున్నాడు. ముహూర్తం లేని పెళ్లి నిలవదని ఆ రోజే నాతో అన్నాడు. ముప్ఫై ఏళ్లయినా తన మాట వెనక్కి తీసుకోలేదు. ఇంకా టైముందంటాడు.

బుట్వల్ హైస్కూలులో పనిచేసే గురుంగ్ మాస్టారు ఒక సభలో పరిచయమై నన్ను ఉపన్యాసానికి పిలిచారు. "నీకెందుకు బావా రైళ్ల లొల్లి, నేను తీస్కపోత" అన్నాడు యాదగిరి. నేను వెంటనే ఒప్పుకుని, శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు బయలుదేరదామన్నాను. శనివారం రాహుకాలం తొమ్మిది నుంచి పదిన్నర. ఆ సంగతి నాకు బాగా తెలుసు. మూఢనమ్మకాల మీద మాట్లాడబోయేవాడు రాహుకాలం తప్పించుకుని బయలుదేరితే ఇక ఆ మాటలకు విలువేముంటుంది?

అశోక్‌నగర్ చౌరస్తాలో టీ తాగుతుండగా రగడ మొదలైంది. చుట్టూ హాస్టళ్లలో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదివే కుర్రాళ్లు. నా వ్యాసాలు వాళ్లు చదవరు గాని, నేనెవరితోనైనా వాదిస్తుంటే మాత్రం చుట్టూ చేరతారు.

"బావా, జర గంట ఆగు. కొంపలేం మునగవు గదా."

"ఆగితే మునుగుతాయి. నా పరువు."

"సర్లే. గట్లయితే పందెం. హద్దు దాటేదాంక ఒక్క ఆటంకం గూడ రాకపోతే, జన్మల నా బండికి నిమ్మకాయ గట్ట. వస్తే నువ్వు దోమలగూడ శివాలయంల నీ చేతులతోని కొబ్బరికాయ కొట్టాలె. సై అంటవా?"

నా జీవితంలో నేను కొబ్బరికాయ కొట్టలేదు. నా పెళ్లిలో కొట్టలేదు, మా ఇంటి గృహప్రవేశానికి కొట్టలేదు, మా నాన్న చనిపోయినప్పుడు ఊరంతా చుట్టూ నిలబడి అడిగినా కొట్టలేదు. ఈ ఒక్క విషయంలో నాకు కొంచెం గర్వం ఉందని ఒప్పుకుంటున్నాను. కుర్రాళ్లంతా నా మొహంలోకే చూస్తున్నారు. "సై" అన్నాను.

"జడ్జి ఎవరన్నా?" అని ఒకడు అడిగాడు.

"నేనే" అంది సరళ, కారు వెనక సీట్లోంచి. "ఇద్దరి మీద గూడ నాకు నమ్మకం లేదు."

బయలుదేరే ముందు కారు ముందువైపు చూశాను. బంపరుకు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు వేలాడుతున్నాయి. వాటి పైన నంబరు పలక. రాష్ట్రం ఏర్పడిన రోజున యాదగిరి ఆ పలక మీద ఏపీ చెరిపించి టీఎస్ అని రాయించాడు. బండి కాగితాల్లో ఇంకా ఏపీయే ఉందనీ, అలా మన ఇష్టం వచ్చినట్టు మార్చకూడదనీ ఎన్నోసార్లు చెప్పాను.

"రాష్ట్రమే మారింది, నంబర్ మారదా? గుంటూరోళ్లకు గట్లనే ఉంటది కడుపుల" అంటాడు. వాళ్ల ఉద్యమ సభల్లో ఇద్దరం పక్కపక్కన కూర్చున్న సంగతి మరిచిపోతాడు.

నాగపూర్

నాగపూర్ గురించి చెప్పవలసింది కమలాపండ్లే. దారి పక్కన గుట్టలు గుట్టలుగా పోసి అమ్ముతున్నారు. డజను నలభై. నారాయణగూడ మార్కెట్లో పండు ముట్టుకుంటే చాలు "కొంటవా, పిసుకుతవా" అని కసురుతారు. ఇక్కడ అమ్మే ఆవిడ తానే ఒక పండు ఒలిచి, "ముందు తినండి, తర్వాత చెప్పండి" అని చేతిలో పెట్టింది. తిన్నవాడు కొనకుండా ఎలా పోతాడు? ఇంతకంటే మంచి వ్యాపార సూత్రం నేనెరగను. సరళ ఒక బుట్టెడు కొని, తొక్కలు తీయడానికి ఒక చిన్న కత్తి కూడా బేరమాడింది. ఆ కత్తి గుర్తుంచుకోండి.

సివనీ దాటాక

సివనీ అడవి దారి గుంతలమయం. ఒక గుంతలో టైరు పంచరైంది. యాదగిరి కిందికి దిగి, టైరుకేసి కాకుండా నాకేసి చూసి చేతులు కట్టుకున్నాడు.

"అక్కా, రాస్కో. ఆటంకం నంబర్ ఒకటి."

సరళ దిగి టైరును చేత్తో తడిమింది. "అరిగిపోయి గుండు లెక్కయింది. ఎన్నడు మార్చినవ్ర ఇది?"

"మొన్న… పోయినేడు ముందటేడు."

"ఇది రాహువు జెయ్యలే, నువ్వు జేసినవ్. చెల్లదు."

ఆ సాయంత్రం కట్నీ దగ్గర ఒక ధాబాలో ఆగాం. పప్పు, కాల్చిన రొట్టెలు, పచ్చి ఉల్లిపాయ. మన పప్పులా పలచగా ఉండదు, చెంచా నిలబడుతుంది. పక్క మంచం మీద ఒక లారీ డ్రైవరు తింటున్నాడు. అతని లారీ వెనక ఒక పాత చెప్పు వేలాడుతోంది. దిష్టి తగలకుండా అట. మా వాడి నిమ్మకాయ చూసి అతనికీ, అతని చెప్పు చూసి మా వాడికీ ఒకరి మీద ఒకరికి ఎక్కడలేని గౌరవం కలిగింది. నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

"ఆ చెప్పు కట్టాక ప్రమాదాలేమీ జరగలేదా?" అని నా వచ్చీరాని హిందీలో అడిగాను.

"రెండుసార్లు బోల్తా పడింది" అన్నాడతను, రొట్టె తుంచుతూ.

"మరి చెప్పు ఏం చేసినట్టు?"

"నేను మీతో కూర్చుని రొట్టె తింటున్నానా లేదా?"

యాదగిరి ఆనందం పట్టలేక అతనికి లస్సీ తెప్పించాడు. నాకు ఆ రాత్రంతా జవాబులు తోస్తూనే ఉన్నాయి. లారీ మాత్రం వెళ్లిపోయింది.

కాశీ

కాశీలో నేను గంగలో మునిగానన్న వార్త మీలో కొందరికి ఇప్పటికే చేరి ఉంటుంది. నిజమే. కారణం ఏమిటంటే మేం దిగిన లాడ్జిలో కొళాయిలు ఎండిపోయాయి. రెండు రోజుల దుమ్ముతో ఉన్నాను. నదికి వెళ్లి, సబ్బుతో, మురికి వదిలించుకోవడం కోసం స్నానం చేశాను. పాపాలు వదిలించుకోవడం నా కార్యక్రమంలో లేదు. చలికి కళ్లు మూసుకుని, చేతులు ఛాతీ మీద ముడుచుకుని వణుకుతున్న సమయం చూసి యాదగిరి ఫోనులో ఫొటో తీశాడు. ఆ ఫొటో నాకంటే ముందే మా ఇల్లున్న చిక్కడపల్లి చేరింది. "మా బావ మారిపోయిండు" అని కింద రాశాడట.

సరళకు ఆకు దొన్నెలో వడ్డించే టమాటా చాట్ నచ్చింది. నాకు మట్టి ముంతల్లో పోసే టీ నచ్చింది. యాదగిరి మాత్రం తెల్లవారుజామునే ఎక్కడికో వెళ్లి, నుదుటి నిండా విభూతితో, పెళ్లి కుదిరినవాడి మొహంతో తిరిగి వచ్చాడు. "ఇంజిన్ల నీళ్లు జూస్త" అని చాలాసేపు బానెట్ లోపలికి తల పెట్టి నిలబడ్డాడు. అప్పటిదాకా ఎన్నడూ ఇంజిన్లో నీళ్లు చూడని మనిషి. అప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు.

సునౌలీ: గీతకు ఇవతల

దేశాల మధ్య సరిహద్దు అంటే నా ఊహలో కందకం, ముళ్లకంచె, తుపాకులు ఉండేవి. సునౌలీలో ఉన్నది మన ముషీరాబాద్ లాంటి బజారు. సైకిళ్లు, రిక్షాలు, మేకలు, అల్లుడి ఇంటికి బెండకాయలు పట్టుకెళుతున్న ముసలమ్మ. మధ్యలో ఒక ఇటుకల ద్వారం. ముసలమ్మ ఈ దేశంలోంచి ఆ దేశంలోకి బెండకాయలతో సహా నడిచి వెళ్లిపోయింది. ఎవరూ తలెత్తి చూడలేదు. కాగితాలూ పరీక్షలూ కార్లకే.

ఆ ద్వారం ముందు యాదగిరి కారు ఆపేశాడు.

"బావా, ఇయ్యాల మంగళవారం. మూడు నుంచి నాలుగున్నర దాంక రాహుకాలం. నాలుగున్నరకు ఇంక పావుగంట తక్కువున్నది. బయలుదేరేటప్పుడు నీ మాట విన్న. ఇప్పుడు పరాయి దేశం. నేను తోల."

"తోలకపోతే అదే ఆటంకం. నువ్వు కావాలని పెట్టిన ఆటంకం."

"అక్కా, జూడు!"

వెనక బళ్లు హారన్లు మోగిస్తున్నాయి. ఇంతలో సరళ ద్వారం అవతల ఒక దుకాణంలో ఉన్న గడియారం చూపించింది. నేపాల్ గడియారం మనకంటే పావుగంట ముందు నడుస్తుంది. అక్కడ అప్పటికే నాలుగున్నర.

యాదగిరి ఆ గడియారాన్నీ తన చేతి గడియారాన్నీ మార్చి మార్చి చూశాడు. "అంటే ఇక్కడ ఉన్నది, అక్కడ లేదా?"

"రాహువుకు పాస్‌పోర్టు లేదనుకుంటాను" అన్నాను.

"జల్ది పో మరి" అంది సరళ. కారు ఒక్క ఉరుకుతో పరాయి దేశంలో పడింది. నేను లోలోపల కొబ్బరికాయ గండం గడిచిందనుకున్నాను. నా పక్కనే యాదగిరి కూడా గండం గడిచిందనుకుంటున్నాడు, వేరే లెక్కలో.

సునౌలీ: గీతకు అవతల

కస్టమ్స్ ఆవరణలో ఒక అధికారి మా బండి కాగితాలు పట్టుకుని నంబరు పలక ముందు నిలబడ్డాడు. మెత్తని మనిషి, ఊలు టోపీ పెట్టుకున్నాడు. కాగితాలు చూశాడు. పలక చూశాడు. మళ్లీ కాగితాలు చూశాడు. మాటలన్నీ హిందీలో.

"ఇందులో ఏపీ అని ఉంది. దీని మీద టీఎస్ అని ఉంది. బండి ఎవరిది?"

"నాదే సార్. రాష్ట్రం కొత్తగ అయింది. తెలంగాణ."

అధికారి గోడ మీది భారతదేశ పటం దగ్గరికి వెళ్లి వేలితో వెతికాడు. అది పాత పటం. "ఇక్కడ లేదు" అన్నాడు.

యాదగిరి మొహం చిన్నబోయింది. నావైపు తిరిగి తెలుగులో, "గిన్నేండ్లు కొట్లాడినం బావా. గీ గోడ మీద ఇంక రాలే" అన్నాడు.

లేని రాష్ట్రం నంబరు వేసుకుని వచ్చిన బండి దొంగబండి కాక మరేమవుతుంది? సోదా చెయ్యమని అధికారి చెప్పాడు. సరళ కమలాల బుట్ట కిందికి దించారు. నా ఉపన్యాసం కాగితాలు దులిపారు. చివరికి బానెట్ ఎత్తారు. బ్యాటరీ పక్కన, తెల్లని గుడ్డలో, తాడుతో గట్టిగా బిగించిన మూట ఒకటి బయటపడింది. విప్పితే కిలో దాకా తెల్లని మెత్తని పొడి.

యాదగిరి చేతిలోని తాళంచెవి లాక్కుని, అతణ్ణి ఒక స్టూలు మీద కూర్చోబెట్టారు. చుట్టూ డ్రైవర్లు మూగారు.

"విభూతి సార్! కాశీ విభూతి! రాహుకాలంల హద్దు దాటుతున్నమని రక్షణకు పెట్టిన!"

"ఇలాంటి పొడి పట్టుబడ్డ ప్రతివాడూ విభూతనే అంటాడు" అన్నాడు అధికారి. "పరీక్షకు పైఊరు పంపాలి. నాలుగైదు రోజులు పడుతుంది. అప్పటిదాకా ఇతను ఇక్కడే."

స్టూలు మీది యాదగిరి నన్ను చూశాడు. ఆ చూపులో పందెం లేదు, గెలుపు లేదు. నిజంగా భయపడ్డాడు. జీవితమంతా విభూతిని వెక్కిరించినవాణ్ణి, అప్పుడు ఆ అధికారి ముందు నిలబడి, "అయ్యా, అది నిజంగా విభూతే, నా మాట నమ్మండి" అని బతిమాలాను. నమ్మలేదు.

సరళ నా చెవి దగ్గరకు వచ్చింది. "ఊర్లల్ల బాబాల గుట్టు చెప్తనని ఆటలు చేస్తరు గదా, నిమ్మకాయతోని. ఆ ఆట జేయుండ్రి."

మెరుపులా తోచింది. బజారులో అమ్మే విభూతిలో చాలాభాగం పిడకల బూడిద కాదు, సున్నపురాయి పొడి. దాని మీద నిమ్మరసం పడితే నురగ కక్కుతుంది. మత్తుమందు కాదని ఆ పరీక్ష పూర్తిగా రుజువు చెయ్యదని నాకు తెలుసు. కానీ మూటలో ఏముందో కొంతైనా చెబుతుంది. నేను బంపరు దగ్గరికి నడిచి, నాలుగు రోజుల దుమ్ము పట్టిన ఆ నిమ్మకాయను తెంపాను. సరళ నాగపూర్ కత్తి అందించింది. పొడి పిడికెడు తీసి ఒక స్టీలు పళ్లెంలో పోసి, ముందు కాస్త నాలుక మీద వేసుకుని మింగాను. తర్వాత ఉపన్యాసం మొదలుపెట్టాను.

"సోదరులారా! ఇందులో మహిమ ఏమీ లేదు. పులుపు తగిలితే సున్నపురాయి పొంగుతుంది. చూడండి!"

నిమ్మకాయ పిండాను. పళ్లెంలో పొడి బుసబుసమంటూ తెల్లగా పొంగింది. మా జిల్లాల్లో ఎన్నోసార్లు చేశాను గాని అంత బాగా ఎన్నడూ పొంగలేదు.

"చమత్కార్!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"కాదు! కాదు! సున్నపురాయి!"

"హర హర మహాదేవ్!" అన్నాడు ఇంకొకడు. బస్సు దిగి వచ్చిన ఒక పెద్దావిడ నా కాళ్లకు దండం పెట్టింది. నేను వెనక్కి గెంతాను. నిప్పుల మీద గెంతినట్టు గెంతానని సరళ తర్వాత చెప్పింది. అధికారి టోపీ తీసి, పళ్లెంలోని తడి పొడిని వేలితో అద్దుకుని నుదుటికి రాసుకున్నాడు.

"స్వామీజీ, ముందే చెప్పకపోయారా" అన్నాడు. "మీరు వెళ్లొచ్చు."

నేను ఇంకా వివరించబోయాను. సరళ నా భుజం గిల్లింది. "వివరిస్తే యాదగిరిని మళ్ల గూసోబెడ్తరు. నోరు మూయుండ్రి." నా జీవితంలో సత్యాన్ని సగంలో ఆపి నోరు మూసుకున్నది అదొక్కసారే. మా బావమరిది కోసం.

నంబరు సంగతి మాత్రం అధికారి వదలలేదు. కాగితాల్లో ఉన్నట్టే పలక మీదా ఉండాలన్నాడు. సరళ ఒక తెల్లకాగితం మీద కాటుకతో ఏపీ అని పెద్దగా రాసి, టీఎస్ మీద అతికించింది. యాదగిరి అటు తిరిగి నిలబడ్డాడు. బండికి ఇచ్చిన అనుమతి కాగితం మీద వాళ్ల లెక్కలో సంవత్సరం 2071 అని ముద్ర వేశారు. మిగిలిన విభూతి మూట అధికారి భక్తిగా తన బల్ల మీద ఉంచుకున్నాడు.

బుట్వల్

గురుంగ్ మాస్టారి ఇంట్లో అన్నం, పప్పు, కూర, పులిసిన ఆకుల ఊరగాయ పెట్టారు. కంచం ఖాళీ అయితే మళ్లీ వడ్డిస్తారు. ఆపాలంటే చెయ్యి అడ్డం పెట్టాలి, అచ్చం మన ఇళ్లలాగే. యాదగిరి చెయ్యి అడ్డం పెట్టలేదు. భయం తీరిన మనిషి ఆకలి ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను.

ఉపన్యాసం బాగానే సాగింది. చివర ఒక పంతులమ్మగారు లేచి, "ఇంత చెప్పారు గదా, మరి మీ కారుకు ఆ మిరపకాయలెందుకు?" అని అడిగింది. నిమ్మకాయ పోయినా మిరపకాయలు మిగిలి ఉన్నాయి. సభంతా నవ్వింది. నేను యాదగిరిని చూపించాను. అతను లేచి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు, తనకేదో సన్మానం చేస్తున్నట్టు.

మళ్లీ చిక్కడపల్లి

తిరుగు ప్రయాణమంతా వాదనే.

"ఆటంకం వచ్చింది. బావ ఓడిండు."

"వచ్చింది నీ విభూతి వల్ల. నువ్వు ఓడావు."

"ఇడిపించింది నా నిమ్మకాయ!"

"విడిపించింది నా రసాయనశాస్త్రం!"

నాగపూర్ దాటాక జడ్జి తీర్పు చెప్పింది. "టైరప్పుడు తొందరపడి తీర్పు జెప్పిన. పందెంల ఆటంకం అన్నరు గని, ఎవరి వల్ల అని అనలే. కస్టమ్స్ కాయితం చేతికి రానిది హద్దు దాటినట్టు గాదు, ఆటంకమైతే వచ్చింది. మీరు కాయ కొట్టుండ్రి. యాదిగా, రక్షణకని పెట్టిన విభూతే నిన్ను స్టూలెక్కిచ్చింది. నువ్వు గూడ నిమ్మకాయ కట్టకు."

నేను చాలా ఆలోచించాను. నమ్మకం లేకుండా కాయ కొట్టడం తప్పే. ఇచ్చిన మాట తప్పడం అంతకంటే పెద్ద తప్పు. అది కూడా దేవుడు చెప్పాడని కాదు.

తిరిగొచ్చిన తెల్లారి ముగ్గురం దోమలగూడ శివాలయానికి వెళ్లాం. పక్కవాళ్లను చూసి, చెప్పులు ఎక్కడ విడవాలో తెలుసుకున్నాను. అలవాటు లేని పని కాబట్టి, గురి తప్పకూడదని చాలా జాగ్రత్తగా, కళ్లార్పకుండా రాయివైపే చూస్తూ ఒక్క దెబ్బ వేశాను. సరిగ్గా రెండు చెక్కలైంది. పీచు కూడా చెదరలేదు. పూజారిగారు మెచ్చుకోలుగా తలూపి, పళ్లెంలో విభూతి తెచ్చి అందరికీ ఇస్తున్నారు.

యాదగిరి చెయ్యి చాపి విభూతి అందుకున్నాడు. నుదుటికి రాసుకోలేదు. ఎడమచేత్తో చొక్కా జేబులోంచి సగం నిమ్మచెక్క తీసి, అరచేతిలోని విభూతి మీద పిండాడు. బుస్సున పొంగింది.

"పంతులు గారు, ఇది సున్నపురాయి" అన్నాడు గట్టిగా. "కాశీల గూడ గిట్లనే మోసం జేసిండ్రు. నేను పెట్టుకోవాల్నంటే అసలైనది గావాలె. పిడకలది. ఇది ఏ దుకాణంల కొన్నరు?"

గుళ్లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఒకాయన తన నుదురు తడుముకున్నాడు. పూజారిగారి మొహం కందగడ్డైంది.

"ఏమయ్యా, గుడికి వచ్చి పరీక్షలా? నాస్తికుడివా నువ్వు?" అని యాదగిరిని కసిరి, నావైపు చెయ్యి చూపించారు. "అదిగో, ఆ పెద్దాయన్ని చూడు. ఎంత ఏకాగ్రతతో కొట్టాడు కాయ! భక్తంటే ఏమిటో ఆయన దగ్గర నేర్చుకో!"